ఎడమచేతి మెలిక

నా పేరు ఖాదర్. కార్లలో స్టీరియోలు బిగించడం నా పని. ఉద్యోగం అనలేను, వ్యాపారం అంటే నాకే నవ్వొస్తుంది. మీసాలు సరిగా రాని వయసులో మొదలుపెట్టి, డాష్‌బోర్డు కింద దూరడానికి మోకాళ్ళు ఒప్పుకోనంత వరకూ చేశాను. పోయిన ఏడాది షట్టరు దించేశాను. ఇప్పుడు విశాఖపట్నం వన్‌టౌన్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని పోర్టు క్రేన్ల చప్పుడు వింటుంటాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "మాస్టారూ, ఏ కంపెనీ స్పీకరు మంచిది? ఏ వైరు వాడమంటారు?" అని. ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇది రాస్తున్నాను. కంపెనీల పేర్లు ఇందులో ఉండవు, వెతక్కండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఈ పని నాకొక స్నేహితుణ్ణి ఇచ్చింది. ఒక్కణ్ణే. అతన్ని ఈ పనిలోనే పోగొట్టుకున్నాను. ఆ సంగతి దాచి వైర్ల రంగులు మాత్రం నేర్పిస్తే నా బతుకు సగమే రాసినట్టు. మా షాపులు ఏ వీధిలో ఉండేవో మాత్రం చెప్పను. అక్కడివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ళకి నా మొహం చూడాలనే లేదు.

ఎవరు కూర్చుంటారు

నాకు పని నేర్పింది పైడిరాజు గారు. ఆయన షాపులో చాలా ఏళ్ళు చేశాను. మంచివాడని చెప్పలేను. ఎవరైనా అడుగుతారేమోనని గోడవైపు తిరిగి వేరుశనక్కాయలు తినే మనిషి. "బాగా చేశావురా" అన్న మాట ఆయన నోటి వెంట ఒక్కసారి వినలేదు. కానీ పనిలో ఆయన దిట్ట.

కస్టమరు రాగానే మేమంతా కారు చుట్టూ తిరిగేవాళ్ళం. డాష్‌బోర్డులో చోటెంత, తలుపుల్లో ఎంత స్పీకరు పడుతుంది అని కొలతలు. ఆయన కారు వైపు చూసేవాడే కాదు. "బండిలో ఎవులెవులు కూకుంటారండి?" అని అడిగేవాడు. అదే ఆయన కొలత.

ఒకసారి స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకాయన కొత్త కారు తెచ్చాడు. డిక్కీ నిండా బేస్ పెట్టె కావాలన్నాడు.

"ఎనక సీట్లో ఎవులుంటారు బాబూ?" అన్నారు పైడిరాజు గారు.

"మా అమ్మ. ఆదివారం ఆదివారం భీమిలి తీసుకెళ్తాను."

"ఆ పెట్టి ఎడితే ఆవిడ భీమిలి ఎల్లదు బాబూ, ఆస్పత్రికెల్తాది. సిన్నది ఎట్టించుకో. ఆవిడ దిగిపోయినాక నీ ముందు తలుపుల్లోవి పెంచుకుందువు గాని."

ఆ కారాయనకి ఒళ్ళు మండి వేరే షాపుకి పోయాడు. పెద్ద బేరం పోయిందని మేము మొహాలు వేలాడేసుకున్నాం. కొన్నాళ్ళకి అదే మనిషి ఆ పెట్టె పీకించుకోవడానికి మా దగ్గరికే వచ్చాడు. ఆ రోజు పైడిరాజు గారు మాకూ గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టారు.

కాబట్టి ముందు మనుషుల్ని అడగండి. పెద్దవాళ్ళుంటే బేస్ తగ్గించండి. చంటిపిల్లలుంటే వెనక స్పీకర్లు చెవి పక్కకి రాకుండా చూడండి. చేతిలో ఉన్న సొమ్ము ముందు తలుపుల్లో స్పీకర్లకి పెట్టించండి, మిగిలితే డాష్‌బోర్డులో పాటలాడే డెక్కుకి. జనం తలకిందులుగా చేస్తారు. మెరిసే డెక్కు కొని, దానికి చవక స్పీకర్లు తగిలించమంటారు. ఇక అట్టపెట్టె మీద అచ్చేసిన వాట్లంటారా, అవి పచ్చి అబద్ధాలు. నా సర్వీసులో ఆ అంకె నిజమైన స్పీకర్ని నేను చూడలేదు.

అయితే ఈ లెక్కకి లొంగని మనుషులూ వస్తారు. గాజువాక వైపు కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, ఎప్పుడూ ఒక్కడే తిరిగేవాడు. వెనక స్పీకర్లు మీకు దండగండీ, ఆ సొమ్ము ముందు పెట్టుకోండి అన్నాను. ఆయన, "వెనక కూడా ఏదో వినపడుతుండాలండీ. లేకపోతే కారు మరీ ఖాళీగా ఉంటోంది," అన్నాడు. నవ్వుకుంటూ బిగించాను. అప్పట్లో నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే నవ్వు రాదు.

ఉప్పూ ఇనుమూ

హైదరాబాదు వాళ్ళు రాసిన పుస్తకాలు చదివి ఇక్కడ పని చెయ్యకండి. మన ఊరు వేరు. ఇక్కడ స్టీరియోకి పెద్ద దొంగ గాలి.

ఫిషింగ్ హార్బరులో బోట్లున్న ఆసామి ఒకాయన నా దగ్గరికి తరచూ వచ్చేవాడు. తెల్లారకముందే కారు తీసుకెళ్ళి వేలంపాట దగ్గర ఆపేవాడు, అద్దాలు దించి. సముద్రపు గాలంతా కార్లోనే. ఏ డెక్కు పెట్టినా ఆరు నెలలు తిరిగేసరికి గరగర. ఆయన డెక్కుని తిట్టేవాడు, నన్ను తిట్టేవాడు, కంపెనీని తిట్టేవాడు. విప్పి చూస్తే ప్రతి జాయింటు మీదా పచ్చగా చిలుము. డెక్కుకి ఏ జబ్బూ లేదు. జాయింట్లు గీకి, టంకం వేసి, గ్రీజు రాసి, పైన రబ్బరు గొట్టం తొడిగి పంపాక మళ్ళీ గరగర రాలేదు. రాకపోయేసరికి ఆయనా రాలేదు. పని బాగా చేస్తే మనిషి మళ్ళీ కనపడడు, ఈ వృత్తిలో అదొక బాధ.

ఎర్త్ వైరు సంగతి మరీ ముఖ్యం. కారు రేకు రంగు మీద బోల్టు బిగించి చేతులు దులుపుకోకండి. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయండి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఆ వైరు రేకు కన్నంలోంచి దూరే చోట రబ్బరు వాషరు మరిచిపోయారో, రేకు అంచు వైరుని కోసేస్తుంది, కారు తగలబడుతుంది.

స్టీలు ప్లాంటు వాళ్ళ కార్లకి ఇంకో తంటా. బట్టల మీద, బూట్ల మీద ఇనప రజను వస్తుంది. స్పీకరు వెనక అయస్కాంతం ఉంటుంది కదా, అది ఊరుకుంటుందా, ఆ రజనంతా లాక్కుంటుంది. పాటలో ఎవరో ఇసుక తొక్కుతున్నట్టు చప్పుడు. చాలామంది స్పీకరు పోయిందని పారేస్తారు. జిగురు టేపు ముక్కని అంచున అద్ది అద్ది తియ్యండి, నల్లగా వచ్చేస్తుంది. ఓపిక కావాలి, అంతే.

మూసిన అద్దాల్లో

బిగించడం అయ్యాక కార్లో కూర్చుని వినాలి. అద్దాలన్నీ ఎక్కించాలి, ఇంజను ఆపాలి, ప్రతి సీట్లోనూ కూర్చోవాలి. ఇది ఒక్కడే చెయ్యాల్సిన పని. బయట రోడ్డు మీద జనం నోళ్ళు కదుపుతుంటారు, మాట వినపడదు. నా జీవితంలో చాలా భాగం ఇలా పరాయివాళ్ళ కార్లలో ఒంటరిగా కూర్చుని గడిపాను. మొదట్లో ఆ ఒంటరితనం నాకు తెలియలేదు. కారణం అప్పన్న.

అప్పన్న విజయనగరం అవతల పల్లె నుంచి వచ్చాడు. వ్యవసాయం చేసుకునే ఇంటివాడు. పైడిరాజు గారి దగ్గర నాతోపాటే పని నేర్చుకున్నాడు. తర్వాత ఇద్దరం ఎదురెదురుగా షాపులు పెట్టుకున్నాం. పోటీ పడాల్సినవాళ్ళం, కానీ నా దగ్గర లేని స్పీకరు అతని దగ్గర్నుంచి తెచ్చి బిగించేవాణ్ణి, అతనూ అంతే. నేను కారు మూసుకుని వింటుంటే వచ్చి అద్దానికి ముక్కు ఆనించి కోతి మొహం పెట్టేవాడు. తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుని, "ఎడం పక్క ఏటో బోలు కొడతంది బావా, సూసుకో," అనేవాడు. నిజంగానే ఎడమ పక్క ఏదో ఉండేది.

బావా అని ఇద్దరం పిలుచుకునేవాళ్ళం. మా ఆవిడ నవ్వేది, "మీకూ ఆయనకీ చుట్టరికం ఎక్కడ కలిసింది?" అని.

శుక్రవారం నేను నమాజుకి వెళ్ళొచ్చేదాకా అప్పన్న అన్నం ముట్టేవాడు కాదు. క్యారేజీ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. "బేగి రా బావా, కడుపులో ఎలకలు కబడ్డీ ఆడతన్నాయి," అని వీధి చివరి నుంచే కేకేసేవాడు. రంజాను నెలలో నా ఎదురుగా టీ తాగేవాడు కాదు. నేను తాగమన్నా తాగేవాడు కాదు.

అతనిది ఎడమచేతివాటం. వైర్లు కలిపేటప్పుడు మనమంతా మెలేసే దిక్కుకి ఎదురు దిక్కున మెలేసేవాడు. టేపు కూడా అటే చుట్టేవాడు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు గమనించరు గాని, జాయింటు చూస్తే అది ఎవరు వేశారో మాకు తెలిసిపోతుంది. ఊళ్ళో అలా మెలేసేవాడు అప్పన్న ఒక్కడే.

గోళ్ళరంగు

ముందు మూత ఊడదీసుకుని జేబులో వేసుకెళ్ళే సీడీ డెక్కులు వచ్చిన రోజులవి. మూత లేకపోతే డెక్కు పనిచెయ్యదు కాబట్టి దొంగ ముట్టుకోడని కంపెనీవాళ్ళు చెప్పారు. జనం ఏం చేశారు? మూత ఊడదీసి అదే కారు సొరుగులో పెట్టి వెళ్ళేవాళ్ళు. దొంగలకి ఇంతకంటే ఏం కావాలి? రెండూ కలిపి పట్టుకుపోయేవాళ్ళు.

పోయిన డెక్కు ఎప్పటికైనా ఏదో షాపుకి రావాల్సిందే. అందుకని మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. బిగించే ప్రతి డెక్కు వెనక ఎవరి గోళ్ళరంగు చుక్క వాళ్ళు పెట్టాలి. నాది ఆకుపచ్చ, అప్పన్నది ఎరుపు. ఇంకొకరి చుక్క ఉన్న డెక్కు అమ్మకానికొస్తే కొనకూడదు, ఆ షాపుకి కబురు పెట్టాలి. కాగితం లేదు, సంతకం లేదు, మాట మీద నడిచేది. ఆ మాట వల్ల ఎన్నో డెక్కులు సొంతదారుకి తిరిగి వెళ్ళాయి.

పైడిరాజు గారు నాకు ఇంకోటి నేర్పారు. "బయటొక సుక్క ఎట్టు. పైరేకు ఇప్పి లోపలొక సుక్క ఎట్టు. లోపలిది ఎవులికీ సెప్పకు." నేను అలాగే చేసేవాణ్ణి. అప్పన్నకి కూడా చెప్పలేదు. దాచాలని కాదు, గురువు చెప్పద్దన్నాడు కాబట్టి చెప్పలేదు.

పోర్టులో కాంట్రాక్టులు చేసే ఒక పెద్దమనిషి కారుకి నేను మంచి సీడీ డెక్కు బిగించాను. కొన్నాళ్ళకి అది పోయింది. అద్దం పగల్లేదు, తలుపు వంగలేదు. ఇంకేముంది, డ్రైవరు రమణే తీశాడన్నారు. ఆ పెద్దమనిషి నలుగురిలో అతని చెంప మీద కొట్టి పనిలోంచి తీసేసి, పోలీసులకి చెప్పాడు. వాళ్ళు రోజూ రమణని స్టేషనుకి పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టేవారు.

రమణ భార్య నా షాపుకి వచ్చింది. "మీరే బిగించినారంట కదా బాబూ. మీ కాడికి గాని ఒచ్చినాదేటి ఆ సామాను? మా ఆయన తియ్యనేదు బాబూ. దొంగ అన్నాక ఈ ఊళ్ళో తాళం ఎవులిస్తారు ఆయనకి?" అని మెట్ల మీద కూర్చుండిపోయింది. అప్పన్న తన షాపులోంచి చూస్తూనే ఉన్నాడు. ఆమెకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది కూడా అతనే.

లోపలి చుక్క

తర్వాత కొద్ది రోజులకి భీమిలి నుంచి చేపల వ్యాను ఒకటి నా షాపు ముందు ఆగింది. సీడీ తిరగడం లేదని బాగు చెయ్యమన్నాడు. డెక్కు బయటికి లాగాను. వెనక చుక్క ఉండే చోట ఎవరో గీకేసిన గీతలు. పైరేకు విప్పాను. లోపల నా ఆకుపచ్చ చుక్క. ఇది ఆ పెద్దమనిషి డెక్కే.

వైర్లు చూశాను. ఎందుకు చూశానా అని ఇప్పటికీ అనుకుంటాను. ప్రతి జాయింటూ ఎదురు దిక్కు మెలిక. టేపు కూడా అటే.

ఎక్కడ బిగించారని వ్యానతన్ని అడగనే లేదు. అడగాల్సిన పని లేదు. డెక్కు బాగవడానికి వారం పడుతుందని చెప్పి పంపించి, దాన్ని పట్టుకుని రోడ్డు దాటాను.

అప్పన్న బల్ల మీద డెక్కు పెట్టి పైరేకు తీశాను. అతను వంగి ఆ చుక్క చూశాడు.

"లోపల కూడా ఎట్టినావేటి?" అన్నాడు.

"పెట్టాను."

"నాకు సెప్పనేదు."

"ఎవులికీ సెప్పనేదు బావా."

నాకు కోపం రావాలి, అతనికి సిగ్గు రావాలి. కానీ కోపం అతనికొచ్చింది, సిగ్గు నాకేసింది.

"దొంగతనం నాను సెయ్యనేదు," అన్నాడు. "బంకు కాడ కార్లు కడిగే సూరిగాడు తెచ్చినాడు. తాళం ఎయ్యకుండా ఒగ్గీసిన బండి అంట. కొనీసినాకే నీ సుక్క సూసినాను. ఏటి సెయ్యమంతావు?"

"నాకు కేకేస్తే సరిపోయేది కదా బావా. ఎదురుగానే ఉన్నాను."

"ఎయ్యనేదు. గీకీసినాను. అయిపోనాది."

"రమణని రోజూ టేసన్లో కూకోబెడతన్నారు."

"ఒగ్గేత్తార్లే. ఎన్నాళ్ళుంచుతారు? డైవర్లకి ఇయ్యన్నీ మామూలే."

ఆ మాటకి నా మనసు విరిగిపోయింది. డెక్కు కొన్నందుకు కాదు. మనిషన్నాక బుద్ధి గడ్డి తింటుంది, ఒప్పుకుంటాను. ఆ ఆడమనిషికి మంచినీళ్ళు ఇచ్చిన చేత్తోనే ఆ మాట అన్నాడు.

"నువ్వే ఎల్లి సెప్పు బావా," అన్నాను. "నువ్వు సెప్తే కొన్నవాడివే అవుతావు. రమణ బయటపడతాడు. ఈ శనివారం దాకా సూత్తాను. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

అతను నవ్వాడు. "నువ్వు సెప్పవు. నువ్వేటో నాకు తెల్దేటి."

శుక్రవారం

మధ్యలో శుక్రవారం వచ్చింది. నమాజు నుంచి వస్తూ, ఈ రోజు తినేసి ఉంటాడులే అనుకున్నాను. తినలేదు. క్యారేజీ ముందు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. కేక మాత్రం వెయ్యలేదు.

ఎదురుగా కూర్చున్నాను. నా పళ్ళెంలో అన్నం పెట్టాడు. వంజరం చేప పులుసు. పెద్ద ముక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. ఇద్దరం తలొంచుకుని తిన్నాం. చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ ముక్క ఎందుకు వేశాడో నాకు ఇప్పటికీ తెలీదు. చెప్పద్దని బతిమాలడానికా, రోజూ వేసేవాడు కాబట్టి అలవాటుగా వేశాడా, నేను చెప్పేస్తానని తెలిసే వేశాడా? అడిగితే పోయేది. అడగలేదు.

శనివారం సాయంత్రం దాకా చూశాను. అప్పన్న షాపులోంచి కదల్లేదు. నేను ఆ పెద్దమనిషి ఆఫీసుకి డెక్కు పట్టుకెళ్ళి, అది ఎక్కడ దొరికిందో, ఎవరి చేతి పనో చెప్పాను.

పోలీసులు అప్పన్నని తీసుకెళ్ళారు. అతను సూరి పేరు చెప్పాడు. సూరి ఒప్పుకున్నాడు. రమణ బయటపడ్డాడు. భార్యతో కలిసి వచ్చి నా కాళ్ళ మీద పడబోతే లేపి పంపించాను. వేరే చోట పని దొరికిందని తర్వాత తెలిసింది. సంతోషమే.

అప్పన్నని రెండు మూడు రోజుల్లో వదిలేశారు. కానీ దొంగసొత్తు బిగిస్తాడని పేరు పడిపోయింది. కస్టమర్లు మానేశారు. ఒకరోజు పొద్దున్నే నేను షట్టరు ఎత్తేసరికి ఎదుటి షాపు బోర్డు లేదు. రాత్రికి రాత్రే సామానంతా తీసేసుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత

వీధిలో నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. టెస్టరు అడిగితే ఇచ్చేవారు, మాట కలిపేవారు కాదు. నేను టీ కొట్టు దగ్గరికి వెళ్తే ఒక్కొక్కరూ గ్లాసు కింద పెట్టి లేచేవారు. నారాయణ అని ఇంకో మెకానిక్కు ఉండేవాడు, మనసులో మాట దాచుకోలేనివాడు. ఒకరోజు అతన్ని పట్టుకుని అడిగాను, నేను చేసిన తప్పేంటని.

"తప్పని ఎవుడన్నాడు?" అన్నాడు. "నువ్వు సేసింది రైటే. అయితే నీ పక్కన కూకోవాలంతే బెరుగ్గా ఉంటాది. మాలో ఏటేటి సూత్తన్నావో ఏటో అని."

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "నిజం చెప్పినవారు, మీకెందుకు దిగులు?" అంది. ఆమె తప్పు లేదు. నిజం చెప్పినవాడికి దిగులుండదని ఎవరైనా అనుకుంటారు.

ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా ఆ షాపులోనే చేశాను. శుక్రవారాలు నమాజు అయ్యాక షాపులో వెనక్కి తిరిగి ఒక్కణ్ణే తినేవాణ్ణి. పైడిరాజు గారిలాగే గోడవైపు. కారు మూసుకుని వింటుంటే అద్దం మీద ఎవరూ తట్టలేదు. ఎడమ పక్క తేడా ఉందో లేదో నాకు నేనే తేల్చుకోవాల్సి వచ్చేది. నమ్మకం కుదరక కొన్ని కార్లు రెండేసి సార్లు విప్పాను.

ఇప్పుడు కార్లు ఫ్యాక్టరీ నుంచే పెద్ద తెరతో వస్తున్నాయి. డెక్కు ఊడదీసి పట్టుకుపోయే దొంగలూ లేరు, గోళ్ళరంగు చుక్కల పనీ లేదు. మీకు ఆ తిప్పలు రావు. కానీ వేరే తిప్పలు వస్తాయి. పని నేర్పే వాళ్ళంతా నిజాయితీగా ఉండమని చెబుతారు, నేనూ చెబుతాను. ఆ రోజు మళ్ళీ వస్తే నేను మళ్ళీ చెబుతాను, రమణ బతుకు నా నోట్లో ఉంది కాబట్టి. అయితే దానికి బదులుగా ఏం పోతుందో పైడిరాజు గారు నాకు చెప్పలేదు. అందుకే నేను మీకు చెబుతున్నాను.

దువ్వాడ

షాపు మూసేశాక ఏమీ తోచక ఉంటే, పాత కస్టమరు ఒకాయన చెప్పాడు, అప్పన్న దువ్వాడలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా ఉన్నాడని. రెండు వారాలు వెళ్ళాలా వద్దా అని కొట్టుకున్నాను. ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా రైలెక్కాను.

గేటు పక్కన గొట్టంతో నీళ్ళు పడుతూ కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, ఆ సంగతి మొహంలో తెలిసింది. గొట్టం కింద పడేసి, కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

"కూకోండి ఖాదర్ గారూ," అన్నాడు.

అతను నన్నెప్పుడూ 'గారూ' అనలేదు. కూర్చున్నాను.

"బాగున్నారా? అమ్మగారు బాగున్నారా? పిల్లలు?" అన్నీ అడిగాడు. టీ తెప్పించాడు. నాకు కప్పులో ఇచ్చి తను నిలబడి గ్లాసులో తాగాడు. కూర్చో బావా అంటే, "పరవానేదండి, నిలబడ్డం అలవాటే," అన్నాడు.

ఇక ఉండబట్టలేకపోయాను. "నన్ను తిట్టు బావా. తిట్టించుకుందామనే వచ్చాను."

"ఎందుకండీ తిట్టడం? మీరు సేసింది న్యాయమే కదండీ."

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడుపు ఉంటే పట్టుకుని పోట్లాడి ఉండేవాణ్ణి, పోట్లాడి ఏడ్చి ఉండేవాణ్ణి. వాన సంగతీ, అపార్టుమెంటులో నీళ్ళ ఇబ్బంది సంగతీ చెప్పాడు. మా కాలం మాట నేనెత్తితే తల ఊపి ఊరుకున్నాడు. ఇక కూర్చోడానికి ఏమీ మిగల్లేదు.

లేచాను. తనే రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపాడు. ఆటో కుర్రాడు అతనికి తెలిసినవాడే. "పెద్దాయన్ని టేసను కాడ జాగర్తగా దించు," అని చెప్పాడు. మా ఇద్దరిదీ ఒకటే వయసు.

"ఎవులు అప్పన్న తాతా, మీ సుట్టాలా?" అన్నాడు కుర్రాడు.

అప్పన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, బావ అంటాడేమోనని ఎదురుచూశాను.

"సుట్టం కాదురా," అన్నాడు. "స్టీరియో మెకానిక్కు. మంచాయన. అబద్దం ఆడ్డు."

ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే అతను మళ్ళీ గొట్టం పట్టుకుని నీళ్ళు పడుతున్నాడు. ఆటోలో ఏదో పాట మోగుతోంది. కుర్రాడు అద్దంలోంచి నన్ను చూసి, "సౌండు తగ్గించమంతారా తాతా?" అని అడిగాడు.

"వద్దు బాబూ. పెంచు," అన్నాను.

పెంచాడు. స్టేషను వచ్చేదాకా ఏడ్చాను. వాడికి వినపడలేదు.